కేబుల్ పీకినా లేవాల్సిందే: స్కూలు సర్వర్ డైరీ

శనివారం, మధ్యాహ్నం

ముందు సెటప్ చెప్పేస్తాను. మా మండలంలోని ఒక జడ్పీ హైస్కూల్ కంప్యూటర్ రూమ్‌లో పాత డెస్క్‌టాప్ ఒకదాన్ని సర్వర్‌గా మార్చాం. ఉబుంటు సర్వర్ 22.04 (లినక్స్‌లో ఒక రకం), 8 జీబీ ర్యామ్, 240 జీబీ ఎస్‌ఎస్‌డీ. అందులో కివిక్స్ (నెట్ లేకుండా వికీపీడియా చదివించే ప్రోగ్రాము) మీద తెలుగు వికీపీడియా, ఇంకా కొన్ని పాఠాల వీడియోలు. ఊళ్లో ఇంటర్నెట్ ఉన్నా లేకపోయినా ల్యాబ్‌లో పిల్లలు బ్రౌజర్ తెరిస్తే పేజీ రావాలి. దీని పని అంతే.

మెషీన్‌కి రెండు నెట్‌వర్క్ పోర్టులు. మదర్‌బోర్డు మీదున్న పోర్టు నుంచి కేబుల్ హెచ్‌ఎం గారి గదిలో రౌటర్‌కి వెళ్తుంది. దీన్ని బయటి పోర్టు అందాం. విడిగా కొని పెట్టిన కార్డు మీది పోర్టు ల్యాబ్ స్విచ్‌కి వెళ్తుంది, అది లోపలి పోర్టు. లినక్స్ లెక్కలో బయటిది ఈఎన్‌పీ3ఎస్0, లోపలిది ఈఎన్‌పీ4ఎస్0. ఆ 3, 4 పీసీఐ బస్ (మదర్‌బోర్డుకి కార్డులు కలిసే దారి) నంబర్లు. కొత్త కార్డు పెడితే ఈ నంబర్లు జరిగే అవకాశం ఉంది, అప్పుడు పాత పోర్టు పేరే మారిపోతుంది. కార్డు పెట్టాక నెట్ పోయిందని తల పట్టుకునేవాళ్లు ముందు చూడాల్సింది ఇదే.

ఇక కంప్లైంట్. కంప్యూటర్ మేడం ఫోన్ చేసి, "పొద్దున ఆన్ చేస్తే నల్ల స్క్రీన్ మీద ఎర్ర చుక్కలు అటూ ఇటూ తిరుగుతున్నాయండీ. హ్యాంగ్ అయిందేమో అని ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేశాం. మళ్లీ అదే" అన్నారు. నిన్న బాగానే ఉందట. మొన్న కూడా ఇలాగే అయిందట. వాన పడిన మర్నాడు మాత్రం తప్పకుండా అవుతుందట.

ఆ ఆఖరి ముక్కతో సగం కేసు తేలిపోయింది. వెళ్లి చూస్తే అనుకున్నట్టే ఉంది. ఉరుము వినపడిందంటే చాలు, అటెండర్ బాబాయ్ గోడ స్విచ్ కట్టేసి, వెనక నెట్ కేబుల్ కూడా పీకేస్తున్నాడు. పొద్దున స్విచ్ వేస్తాడు కానీ కేబుల్ సంగతి గుర్తుండదు. "పిడుగు పడితే బోర్డు పోద్ది బాబూ. పోయినేడు హెచ్‌ఎం సారు రౌటర్ అట్నే కాలిపోయింది" అన్నాడు.

బాబాయ్ చెప్పిందాంట్లో తప్పేం లేదు. రెండు గదుల మధ్య ఆ రాగి కేబుల్ గోడ బయటి నుంచి, చూరు కింద నుంచి వెళ్తోంది. ఉరుముల్లో దాన్ని పీకడమే మంచిది. కాబట్టి కేబుల్ పీకొద్దని ఆయనకి చెప్పే ప్రసక్తి లేదు. రెండు కేబుళ్లూ లేకపోయినా మెషీన్ మామూలుగా లేచి కూర్చోవాలి. ఈ ప్రాజెక్టు టార్గెట్ ఇదే.

శనివారం, సాయంత్రం

కేబుల్ పీకి ఉన్న స్థితిలోనే మళ్లీ ఆన్ చేసి, మానిటర్ పెట్టుకుని కూర్చున్నాను.

మొదట బయోస్ (లినక్స్ కంటే ముందు మదర్‌బోర్డు నడిపే చిన్న ప్రోగ్రాము) దశలోనే ఒక లైను వచ్చిపోయింది. పీఎక్స్‌ఈ-ఈ61, మీడియా టెస్ట్ ఫెయిల్యూర్, చెక్ కేబుల్. ఇది లినక్స్ కాదు. బూట్ ఆర్డర్‌లో నెట్‌వర్క్ బూట్ మొదట ఉంటే, డిస్కు జోలికి వెళ్లకముందే నెట్‌వర్క్ కార్డు తనవంతు ప్రయత్నం చేస్తుంది. తమాషా ఏంటంటే కేబుల్ లేకపోతే ఇది వెంటనే వదిలేస్తుంది. కేబుల్ ఉంటేనే, డీహెచ్‌సీపీ (ఐపీ అడ్రస్ పంచే పద్ధతి) జవాబు కోసం ఇంకాస్త ఎక్కువసేపు కూర్చుంటుంది. బయోస్‌లోకి వెళ్లి ఎస్‌ఎస్‌డీని మొదట పెట్టి, నెట్‌వర్క్ బూట్ ఆపేశాను. దీనితో మిగిలేది కొన్ని సెకన్లే.

తర్వాత లినక్స్ మొదలైంది. కొన్ని పచ్చ "ఓకే"లు గబగబా దొర్లి, ఆగిపోయింది. కింద లైన్లో బ్రాకెట్ల మధ్య ఎర్ర నక్షత్రాలు ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి నడుస్తున్నాయి. వాటి పక్కన "ఎ స్టార్ట్ జాబ్ ఈజ్ రన్నింగ్ ఫర్ వెయిట్ ఫర్ నెట్‌వర్క్ టు బి కాన్ఫిగర్డ్" అని, ఆ పక్కన గడిచిన టైము, ఒక గీత, "నో లిమిట్".

మేడం భయపడింది ఈ "నో లిమిట్" చూసే. లిమిట్ లేదంటే ఎవరైనా ఏమనుకుంటారు, ఇక రాదనేగా. నిజానికి లిమిట్ ఉంది. అది సర్వీసు ఫైల్లో రాసి లేదు కాబట్టి సిస్టమ్‌డీకి (బూట్‌లో సర్వీసులన్నిటినీ లేపే ప్రోగ్రాముకి) కనపడదు. లోపల నడుస్తున్న వెయిట్-ఆన్‌లైన్ అనే ప్రోగ్రాముకి సొంతంగా 120 సెకన్ల గడువుంది. అది అయ్యాక తనే చేతులెత్తేసి "ఫెయిల్డ్" అని ఎర్రగా చూపించి పక్కకి తప్పుకుంటుంది, మిగతా బూట్ సాగుతుంది. సరిగ్గా అలాగే అయింది. రెండు నిమిషాలకి లాగిన్ ప్రాంప్ట్ వచ్చింది.

అంటే మెషీన్ ఏ రోజూ హ్యాంగ్ కాలేదు. రెండు నిమిషాలు ఓపిక పడితే వచ్చేదే. కానీ క్లాసు మొదలవుతుంటే రెండు నిమిషాలు నల్ల స్క్రీన్ చూస్తూ ఎవరు కూర్చుంటారు? పవర్ బటన్ నొక్కేస్తారు. ఎస్‌ఎస్‌డీ మీద ఫైల్‌సిస్టమ్ ఈఎక్స్‌టీ4 కాబట్టి ప్రతిసారీ జర్నల్ (రాయబోయే మార్పుల చిట్టా) చదువుకుని కోలుకుంటోంది. లాగ్‌లో "రికవరింగ్ జర్నల్" అన్న లైను చాలా చోట్ల కనపడింది. ఇలా మధ్యలో కరెంటు తీసెయ్యడమే ఈ కథలో అసలు ప్రమాదం.

లాగిన్ అయ్యాక కేబుల్ సంగతి లినక్స్‌కి ఎంతవరకు తెలుసో చూశాను. ఐపీ లింక్ కమాండ్ కొడితే బయటి పోర్టు పక్కన "నో-క్యారియర్" అని ఉంది. క్యారియర్ అంటే అవతలి కొసన ఎవరో ఉన్నారన్న ఎలక్ట్రికల్ సంకేతం. ఇంకా పొట్టిగా తెలుసుకోవాలంటే సిస్ కింద క్లాస్/నెట్ ఫోల్డర్‌లో పోర్టు పేరుతో ఉన్న చోట క్యారియర్ అనే ఫైలుంటుంది. దాన్ని చదివితే కేబుల్ ఉన్నప్పుడు 1, లేనప్పుడు 0. అంత స్పష్టంగా కెర్నెల్‌కి (లినక్స్ గుండెకాయకి) తెలుసు. తెలిసి కూడా స్క్రీన్ మీద "నెట్‌వర్క్ కాన్ఫిగర్ అయ్యేదాకా ఆగుతున్నాం" అంటారే గానీ, కేబుల్ ఊడింది చూసుకోమని ఒక్క ముక్క చెప్పరు. పాత రెడ్‌హ్యాట్ రోజుల్లో బూట్ స్క్రిప్టు ఈథ్0 దగ్గర ఆగి "నో లింక్ ప్రెజెంట్. చెక్ కేబుల్?" అని నేరుగా అడిగేది. ఆ మర్యాద ఇప్పుడు లేదు.

సిస్టమ్‌డీ-ఎనలైజ్ బ్లేమ్ కొడితే మొదటి లైన్లోనే వెయిట్-ఆన్‌లైన్, 2 నిమిషాల చిల్లర. ఇక్కడే చాలామంది ఆ సర్వీసుని మాస్క్ చేసేసి (అసలు లేవకుండా కట్టేసి) ఇంటికి వెళ్లిపోతారు. నాకది నచ్చదు. బ్లేమ్ జాబితా ఎవరికెంత టైము పట్టిందో చెబుతుంది, ఎవరి కోసం ఆగిందో చెప్పదు. వెయిట్-ఆన్‌లైన్ తనంతట తాను నడవదు. ఎవరో "నాకు నెట్ వచ్చాకే పని" అని నెట్‌వర్క్-ఆన్‌లైన్ టార్గెట్‌ని (బూట్‌లో చేరాల్సిన ఒక మజిలీని) అడగాలి, అప్పుడే ఇది రంగంలోకి దిగుతుంది. ఆ అడిగిందెవరో తెలియాలి.

ఆదివారం, ఇంట్లో

స్కూలు మెషీన్ మీద ప్రయోగాలు వద్దని ఇంట్లో వర్చువల్‌బాక్స్‌లో ఇదే ఉబుంటు వేసి, రెండు నెట్‌వర్క్ అడాప్టర్లు పెట్టాను. వర్చువల్‌బాక్స్ నెట్‌వర్క్ సెట్టింగుల్లో "కేబుల్ కనెక్టెడ్" అని ఒక టిక్ బాక్సుంటుంది. అది తీసేస్తే కేబుల్ పీకినట్టే. ఐపీ లింక్ సెట్ డౌన్ కొట్టి పరీక్షించేవాళ్లున్నారు కానీ రెండూ ఒకటి కాదు. అది పోర్టునే కట్టెయ్యడం. మన కేసులో పోర్టు బతికే ఉంటుంది, అవతల తీగ ఉండదు. ఆ రెండింటికీ నెట్‌వర్క్‌డీ (సిస్టమ్‌డీలో నెట్‌వర్క్ చూసుకునే భాగం) ప్రవర్తన వేరుగా ఉంటుంది.

ముందు అందరూ చెప్పే మందు. నెట్‌ప్లాన్ (ఉబుంటులో నెట్‌వర్క్ సెట్టింగులు రాసుకునే పద్ధతి) ఫైల్లో బయటి పోర్టు కింద "ఆప్షనల్: ట్రూ" అని ఒక లైను. మా మెషీన్‌లో ఆ ఫైలు పేరు 00-ఇన్‌స్టాలర్-కాన్ఫిగ్. క్లౌడ్ ఇమేజ్ నుంచి వచ్చిన మెషీన్లలో 50-క్లౌడ్-ఇనిట్ అని ఉంటుంది, దాని నెత్తిన ఇక్కడ మార్చినవి నిలవవని హెచ్చరిక కూడా ఉంటుంది, అది చదవకుండా మార్చొద్దు. ఇది యామల్ ఫైలు కాబట్టి జరుపుకి స్పేసులే వాడాలి, ట్యాబ్ నొక్కితే ఒప్పుకోదు. మార్చాక నేరుగా అప్లై చేయకుండా నెట్‌ప్లాన్ ట్రై కొట్టడం మంచి అలవాటు. ఎంటర్ నొక్కకపోతే 120 సెకన్ల తర్వాత తనే పాత స్థితికి వెళ్లిపోతుంది. దూరం నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌లో ఉన్నవాళ్లకి ఇది ప్రాణదానం.

ఆప్షనల్ అంటే జరిగేది చిన్న విషయమే. నెట్‌ప్లాన్ దాన్ని నెట్‌వర్క్‌డీకి అర్థమయ్యే ఫైలుగా మార్చి రన్ కింద సిస్టమ్‌డీ/నెట్‌వర్క్ ఫోల్డర్‌లో పెడుతుంది. అందులో "రిక్వయర్డ్‌ఫర్‌ఆన్‌లైన్=నో" అని చేరుతుంది. పోర్టు పనిచేయడం మానదు, కేబుల్ పెట్టగానే ఐపీ తీసుకుంటుంది. బూట్ మాత్రం దీని కోసం ఆగదు.

బయటి కేబుల్ టిక్ తీసి రీబూట్ చేశాను. వెంటనే లేచింది. రెండు టిక్కులూ తీసి రీబూట్ చేశాను. మళ్లీ ఎర్ర నక్షత్రాలు. సహజమే, లోపలి పోర్టు ఇంకా ఆప్షనల్ కాదు. దాన్ని కూడా ఆప్షనల్ చేశాను.

అయినా రెండు నిమిషాలు ఆగింది.

రెండు పోర్టులూ "నా కోసం ఆగక్కర్లేదు" అంటున్నా ఇది ఎవరి కోసం ఆగుతున్నట్టు? దీనికి జవాబు వెయిట్-ఆన్‌లైన్ మాన్ పేజీ (లినక్స్‌లోనే ఉండే మాన్యువల్) మొదటి పేరాలోనే ఉంది. అవసరమైన లింకులన్నీ కాన్ఫిగర్ అవ్వాలి, దాంతోపాటు కనీసం ఒక్కటైనా ఆన్‌లైన్‌లో ఉండాలి. రెండో షరతు దగ్గర మనం దొరికిపోయాం. అన్నిటినీ ఆప్షనల్ చేసేస్తే ఆ "కనీసం ఒక్కటి" లెక్కలోకి వచ్చే పోర్టే మిగలదు. ఒక్క పోర్టున్న ల్యాప్‌టాప్‌లో ఆప్షనల్ పెట్టినా పని కాలేదనేవాళ్లు చూడాల్సిందీ ఇక్కడే.

డెబియన్ వాడే మిత్రులకి పక్కమాట: పాత ఇఫ్‌అప్‌డౌన్ పద్ధతిలో ఉన్నవాళ్లకి ఈ మెసేజ్ రాదు. "రెయిజ్ నెట్‌వర్క్ ఇంటర్‌ఫేసెస్" అని వచ్చి, 5 నిమిషాల వరకు ఆగుతుంది. అక్కడ ఇంటర్‌ఫేసెస్ ఫైల్లో పోర్టు ముందున్న "ఆటో"ని "అలౌ-హాట్‌ప్లగ్"గా మార్చి చూడండి. డెస్క్‌టాప్‌లో నెట్‌వర్క్‌మేనేజర్ ఉంటే దానికి వేరే వెయిట్-ఆన్‌లైన్ ఉంది, దాని గడువు ఇంతకంటే తక్కువ. ఈ డైరీ అంతా నెట్‌వర్క్‌డీ గురించే.

సోమవారం, రాత్రి

అడిగిందెవరో పట్టుకునే కమాండు: సిస్టమ్‌సీటీఎల్ లిస్ట్-డిపెండెన్సీస్, దానికి రివర్స్ అన్న ఆప్షను, చివర నెట్‌వర్క్-ఆన్‌లైన్ టార్గెట్ పేరు. స్కూలు మెషీన్‌లోంచి తెచ్చుకున్న జాబితాలో మూడు రకాల వాళ్లు బయటపడ్డారు.

ఒకటి, ఓపెన్-ఐస్కజీ. నెట్‌వర్క్ మీద డిస్కులు వాడేవాళ్ల కోసం ఉబుంటు సర్వర్‌తో పాటు వచ్చేది. మాకు ఆ డిస్కులూ లేవు, ఆ అవసరమూ లేదు. డిసేబుల్ చేసేశాను.

రెండు, క్లౌడ్-ఇనిట్. పేరుకి తగ్గట్టు క్లౌడ్‌లో కొత్త మెషీన్ పుట్టినప్పుడు దానికి పేరు పెట్టి, తాళాలు అందించే ప్రోగ్రాము. స్కూలు డెస్క్‌టాప్‌లో మొదటిరోజు తర్వాత దీనికి పనే లేదు. అయినా ప్రతి బూట్‌కీ లేస్తుంది. అసలు మెషీన్ మొత్తం చచ్చినట్టు కనపడటానికి కారణం ఇదే అని యూనిట్ ఫైళ్లు (ఏ సర్వీసు ఎప్పుడు, ఎలా లేవాలో రాసినవి) చదివితే అర్థమైంది. దీనిలోని ఒక సర్వీసు వెయిట్-ఆన్‌లైన్ ముగిశాకే నడవాలి. ఉబుంటులో అదే సర్వీసు సిస్‌ఇనిట్ టార్గెట్ కంటే ముందు పూర్తవ్వాలి. మామూలు సర్వీసులన్నీ సిస్‌ఇనిట్ తర్వాతే మొదలవుతాయి. పెళ్లికొడుకు కారు రాలేదని వంటవాళ్లు పొయ్యి కూడా వెలిగించనట్టు, కివిక్స్‌కి ఇంటర్నెట్‌తో సంబంధమే లేకపోయినా అది కూడా ఇంటర్నెట్ కేబుల్ కోసం కూర్చుంది. ఈటీసీ కింద క్లౌడ్ ఫోల్డర్‌లో "క్లౌడ్-ఇనిట్.డిసేబుల్డ్" అన్న పేరుతో ఖాళీ ఫైలు ఒకటి సృష్టిస్తే చాలు, ఇది లేవడం మానేస్తుంది. మళ్లీ లేవాలంటే ఆ ఫైలు చెరిపెయ్యడమే.

మూడు, ఎఫ్‌స్టాబ్‌లో (ఏ డిస్కుని ఏ ఫోల్డర్‌కి తగిలించాలో, అంటే మౌంట్ చేయాలో, రాసే ఫైల్లో) ఒక ఎన్‌ఎఫ్‌ఎస్ (ఇంకో కంప్యూటర్ డిస్కుని నెట్‌వర్క్ మీద వాడుకునే పద్ధతి) లైను. హెచ్‌ఎం గారి గదిలో ఇంకో కంప్యూటర్‌లో పెద్ద డిస్కుంది, మార్కుల ఫైళ్ల బ్యాకప్ దానిలోకి వెళ్తుంది. ఎన్‌ఎఫ్‌ఎస్ అని కనపడగానే సిస్టమ్‌డీ దానికి నెట్‌వర్క్-ఆన్‌లైన్‌ని తనే జతచేస్తుంది, మనం అడగక్కర్లేదు. పైగా ఆ మౌంట్ కోసం రిమోట్-ఎఫ్‌ఎస్ టార్గెట్ ఆగుతుంది, ఆ టార్గెట్ అయ్యాకే యూజర్లని లాగిన్ కానిస్తారు. అంటే వెయిట్-ఆన్‌లైన్ 120 సెకన్లు అయ్యాక, మౌంట్ ప్రయత్నానికి ఇంకో 90 సెకన్లు. మాకు ఇది అన్నిసార్లూ కనపడలేదు. నెట్‌వర్క్ దారే లేనప్పుడు మౌంట్ త్వరగా విఫలమవుతుంది. రౌటర్ ఉండి అవతలి కంప్యూటర్ ఆఫ్‌లో ఉంటేనే పూర్తి శిక్ష.

ఈ లైనుకి ఆటోమౌంట్ పెట్టాను. ఆప్షన్లలో "నోఆటో", "ఎక్స్-సిస్టమ్‌డీ.ఆటోమౌంట్", "ఎక్స్-సిస్టమ్‌డీ.మౌంట్-టైమౌట్=15", ఇంకా "నోఫెయిల్". ఇప్పుడు బూట్‌లో మౌంట్ జరగదు. ఆ ఫోల్డర్‌ని ఎవరైనా ముట్టుకున్నప్పుడే జరుగుతుంది. దీనిలో ఇంకో లాభం ఉంది. మామూలు మౌంట్ విఫలమైతే ఆ ఫోల్డరు ఖాళీ లోకల్ ఫోల్డర్‌గా మిగులుతుంది. రాత్రి బ్యాకప్ స్క్రిప్టు వచ్చి అందులోకే కాపీ చేసి 240 జీబీ నింపేసి పోతుంది. ఆటోమౌంట్ అయితే మౌంట్ కానప్పుడు ఎర్రర్ ఇస్తుంది, రాయనివ్వదు.

మాస్క్ విషయానికి వస్తాను. మాస్క్ చేస్తే నెట్‌వర్క్-ఆన్‌లైన్ టార్గెట్ వెంటనే చేరుకున్నట్టు అయిపోతుంది. నెట్ వచ్చిందా అని అడిగిన ప్రతివాడికీ రాకపోయినా వచ్చిందని చెప్పినట్టు. కేబుల్ ఎప్పుడూ ఉండని మెషీన్‌కి పర్వాలేదు. మాకు బ్యాకప్ ఉంది, రోజువారీ అప్‌డేట్ల సర్వీసు ఉంది, వాటికి నిజమైన జవాబు కావాలి. అందుకే సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్‌తో వెయిట్-ఆన్‌లైన్‌కి ఒక ఓవర్‌రైడ్ (అసలు ఫైలు ముట్టుకోకుండా దాని మీద మార్పు) రాశాను. ముందు ఖాళీ ఎగ్జెక్‌స్టార్ట్ లైను, తర్వాత అసలు లైను: అదే ప్రోగ్రాము, ఇంటర్‌ఫేస్=ఈఎన్‌పీ3ఎస్0, టైమౌట్=15. ఆ ఖాళీ లైను ఎందుకంటే, అది లేకపోతే పాత ఆదేశానికి కొత్తది తోడవుతుంది గానీ దాన్ని తీసెయ్యదు. పోర్టు పేరు మనమే చెప్పాం కాబట్టి అది ఆ ఒక్క పోర్టునే చూస్తుంది, 15 సెకన్లకి మించి ఆగదు.

ఇక్కడ ఒక సూక్ష్మం. వెయిట్-ఆన్‌లైన్ విఫలమైనా నెట్‌వర్క్-ఆన్‌లైన్ టార్గెట్ చేరుకున్నట్టే లెక్క, వాటి మధ్య బంధం అంత గట్టిది కాదు. అంటే ఆఫ్టర్ (దాని తర్వాతే), వాంట్స్ (అది కావాలి) రెండూ పక్కాగా రాసుకున్న సర్వీసు కూడా నెట్ లేకుండా మొదలయ్యే అవకాశం ఉంది. నెట్ ఉందో లేదో స్క్రిప్టే చూసుకోవాలి. పేరులో దగ్గరగా ఉండే నెట్‌వర్క్ టార్గెట్ అయితే ఇంకా తక్కువ చెబుతుంది. నెట్‌వర్క్ చూసుకునే ప్రోగ్రాము మొదలైందనే దాని అర్థం, ఐపీ వచ్చిందని కాదు.

శనివారం, స్కూల్లో

ఇవన్నీ పెట్టి, రెండు కేబుళ్లూ పీకి, పవర్ బటన్ నొక్కాను. ఎర్ర నక్షత్రాలు లేవు, టీ గ్లాసు కింద పెట్టేలోపు లాగిన్ ప్రాంప్ట్ వచ్చింది. కేబుళ్లు పెట్టాను, మేడంకి చూపిద్దామని ల్యాబ్ స్విచ్ ఆన్ చేసి ఒక కంప్యూటర్‌లో బ్రౌజర్ తెరిచాను.

పేజీ రాలేదు. అసలు ఆ కంప్యూటర్‌కి ఐపీయే రాలేదు.

మేడం ముఖం చూడాలి. "అప్పుడు లేటుగానైనా వచ్చేదండీ" అన్నారు. ఆ మాట అక్షరాలా నిజమని పది నిమిషాల్లో తేలింది.

సిస్టమ్‌సీటీఎల్‌లో ఫెయిల్డ్ జాబితా తీస్తే రెండు పేర్లు: ఇంజిన్-ఎక్స్, డీఎన్‌ఎస్‌మాస్క్. మొదటిది వెబ్ పేజీ ఇచ్చేది, రెండోది ల్యాబ్ కంప్యూటర్లకి ఐపీలు పంచేది. ఇంజిన్-ఎక్స్ లాగ్‌లో ఇలా ఉంది: 192.168.50.1, పోర్టు 80కి బైండ్ ఫెయిల్డ్, ఎర్రర్ 99, కెనాట్ అసైన్ రిక్వెస్టెడ్ అడ్రస్. అంటే "ఈ అడ్రస్ మీద కూర్చోమన్నారు, ఆ అడ్రస్ ఈ మెషీన్‌కే లేదు" అంటోంది.

లేకపోవడానికి కారణం మళ్లీ కేబులే. లోపలి పోర్టుకి 192.168.50.1 అని స్థిరమైన అడ్రస్ రాసి పెట్టాం. స్థిరమైన అడ్రస్ కదా, కేబుల్ లేకపోయినా ఉంటుందని అనుకుంటాం. ఇఫ్‌అప్‌డౌన్‌లో నిజంగానే ఉండేది. నెట్‌వర్క్‌డీ అలా కాదు, క్యారియర్ కనపడేదాకా స్థిరమైన అడ్రస్‌ని కూడా పోర్టుకి పెట్టదు. ల్యాబ్ స్విచ్ వేరే పవర్ బోర్డు మీద ఉంది. మేడం సర్వర్ ఆన్ చేసి, తర్వాత తలుపు పక్కకి వెళ్లి ఆ బోర్డు వేస్తారు. స్విచ్‌కి కరెంటు లేకపోతే కేబుల్ గట్టిగా బిగించి ఉన్నా క్యారియర్ సున్నాయే.

ఇన్నాళ్లూ ఇది ఎందుకు బయటపడలేదు? ఆ రెండు నిమిషాల ఆలస్యం వల్లే. సర్వర్ నక్షత్రాలు చూపిస్తూ కూర్చున్న సమయంలో మేడం వెళ్లి స్విచ్ వేసేవారు, క్యారియర్ వచ్చేది, అడ్రస్ పడేది, ఆ తర్వాత ఇంజిన్-ఎక్స్ లేచేది. ఒక జబ్బు ఇంకో జబ్బుని దాచిపెట్టింది. బయటి కేబుల్ ఉన్న రోజుల్లో కూడా లోపలి పోర్టు కోసం ఆగేది కాబట్టి అప్పుడూ బండి నడిచిపోయింది. ఇప్పుడు ఆలస్యం తీసేశాం, ఇంజిన్-ఎక్స్ గబుక్కున లేచి, అడ్రస్ లేక పడిపోయింది. పడినదాన్ని మళ్లీ లేపమని దాని యూనిట్‌లో లేదు. తర్వాత స్విచ్ వచ్చినా, అడ్రస్ పడినా, ఎవరూ దాన్ని పిలవలేదు. పింగ్ కొడితే జవాబొస్తుంది, పేజీ మాత్రం రాదు.

మందులు మూడు చోట్ల వేశాను. ఒక్కటి సరిపోదా అంటే, సరిపోవచ్చు. కానీ ఒక్కోటీ వేరే సందర్భాన్ని కాస్తుంది.

నెట్‌ప్లాన్‌లో లోపలి పోర్టుకి "ఇగ్నోర్-క్యారియర్: ట్రూ". దీంతో కేబుల్ లేకపోయినా అడ్రస్ పెడుతుంది. నెట్‌వర్క్‌డీ భాషలో దీని పేరు "కాన్ఫిగర్‌వితౌట్‌క్యారియర్". బయటి పోర్టుకి దీనితో పని లేదు, అక్కడ అడ్రస్ ఇచ్చేది రౌటర్.

ఇంజిన్-ఎక్స్‌ని ఆ ఒక్క అడ్రస్ మీద కాకుండా అన్ని అడ్రస్‌ల మీదా వినమన్నాను. సున్నాల అడ్రస్ (0.0.0.0, అంటే అన్ని అడ్రస్‌లూ) ఎప్పుడూ ఉంటుంది కాబట్టి బైండ్ ఫెయిలయ్యే ప్రశ్నే లేదు. బయటి పోర్టు వైపు నుంచి 80 తెరిచి ఉండకుండా యూఎఫ్‌డబ్ల్యూలో (ఉబుంటు ఫైర్‌వాల్‌లో) ఒక రూలు రాశాను. దీని బదులు కెర్నెల్‌లో "ఐపీ నాన్‌లోకల్ బైండ్" అనే సెట్టింగు 1 చేసే దారి కూడా ఉంది, లేని అడ్రస్ మీద కూర్చోనిస్తుంది. అది మెషీన్ మొత్తానికీ వర్తిస్తుంది. ఇంత చిన్న పనికి అంత పెద్ద తలుపు తెరవాలనిపించలేదు.

డీఎన్‌ఎస్‌మాస్క్‌లో "బైండ్-ఇంటర్‌ఫేసెస్" తీసేసి "బైండ్-డైనమిక్" పెట్టాను. పోర్టు తర్వాత వచ్చినా, అడ్రస్ తర్వాత పడినా అదే గమనించి కూర్చుంటుంది. కొన్ని ప్రోగ్రాములు రాసినవాళ్లు ఇలాంటి ఊళ్లు చూశారనిపిస్తుంది.

తర్వాత అన్ని రకాలుగా మార్చి మార్చి చూశాం. రెండు కేబుళ్లూ లేకుండా బూట్ చేసి తర్వాత పెట్టడం, స్విచ్ ముందు సర్వర్ వెనక, సర్వర్ ముందు స్విచ్ వెనక, రౌటర్ ఆఫ్‌లో ఉండగా. పేజీ అన్నిసార్లూ వచ్చింది. ఆఖర్లో మేడమే కేబుల్ పీకి, స్టాప్‌వాచ్ పట్టుకుని తనే బూట్ చేసి చూశారు. నా మాట మీద నమ్మకం లేక కాదులెండి.

అదే రోజు, కేబుల్ పని

ఇంత సాఫ్ట్‌వేర్ చేశాక అసలు కేబుల్‌ని చేత్తో పట్టుకుంటే, కనెక్టర్ మీదుండే చిన్న ప్లాస్టిక్ నాలుక విరిగి ఉంది. రోజూ పీకి పెడుతుంటే ముందు పోయేది అదే. అది లేకపోతే కనెక్టర్ గూట్లో నిలబడుతుంది గానీ కరుచుకోదు, బల్ల కదిలితే జారిపోతుంది. కెర్నెల్ లాగ్‌లో "లింక్ ఈజ్ డౌన్", "లింక్ ఈజ్ అప్" జంటలు జంటలుగా ఉన్నాయి. ఒకచోట అప్ అన్నప్పుడు 1 జీబీపీఎస్ బదులు 100 ఎంబీపీఎస్ అని ఉంది. గిగాబిట్‌కి నాలుగు జతల తీగలూ కావాలి, 100కి రెండు జతలు చాలు. ఏదో ఒక జత సరిగ్గా తగలకపోతే కార్డు మారుమాట్లాడకుండా వేగం తగ్గించుకుంటుంది.

కొత్త కనెక్టర్ క్రింప్ చేశాను. వరస మామూలుదే: ఆరెంజ్-తెలుపు, ఆరెంజ్, ఆకుపచ్చ-తెలుపు, నీలం, నీలం-తెలుపు, ఆకుపచ్చ, బ్రౌన్-తెలుపు, బ్రౌన్. మెషీన్ వెనక నుంచి చేతికందేంత దూరానికి చిన్న ప్యాచ్ కేబుల్ పెట్టి, గోడ దగ్గర ఒక జాయింటర్ తగిలించాను. ఇక బాబాయ్ పీకేది ఆ జాయింటర్ దగ్గర, మెషీన్ పోర్టు దగ్గర కాదు. అరిగితే జాయింటర్ అరుగుతుంది, పోర్టు మిగులుతుంది. ఆయనకి చూపిస్తే, "ఇదేదో ముందే పెడితే నేను బల్ల కింద దూరే పని తప్పేది కదా బాబూ" అన్నాడు.

ఇంకో సంగతి లాగ్‌లో తేదీల వల్ల బయటపడింది. కేబుల్ లేకుండా బూట్ అయిన రోజుల్లో తేదీ వెనక్కి ఉంది. కేబుల్ పెట్టగానే మధ్యలో ఒక్క గెంతు గెంతి సరైన తేదీకి వచ్చింది. గోడ స్విచ్ కట్టేస్తున్నారు, మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది, కాబట్టి గడియారం నిలవడం లేదు. నెట్ ఉంటే టైమ్‌సింక్‌డీ సరిచేస్తుంది, లేకపోతే తను చివరిగా దాచుకున్న సమయం దగ్గర నుంచి మొదలుపెడుతుంది. వికీపీడియా పేజీలకి ఇబ్బంది లేదు గానీ, మార్కుల ఫైళ్లకి తప్పు తేదీ పడితే బ్యాకప్‌లో ఏది కొత్తదో ఏది పాతదో తేలదు. పక్క కిరాణా కొట్లో దొరికే బిళ్ల బ్యాటరీ వేసి, బయోస్‌లో టైము సరిచేశాను.

మిగిలినవి

బ్యాకప్ టైమర్‌ని స్కూలు వదిలే వేళకి ముందుకి జరపాలి. రాత్రి పెడితే ఉపయోగం లేదు, అప్పటికి గోడ స్విచ్ కట్టేసి ఉంటుంది. ఎన్‌ఎఫ్‌ఎస్ అవతలి కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్నప్పుడు ఆ 15 సెకన్ల టైమౌట్ నిజంగా 15కే ఆగుతోందో లేదో స్కూల్లో ఇంకా చూడలేదు, ఇంట్లో వర్చువల్‌బాక్స్‌లో మాత్రం ఆగింది.

ఉబుంటు 24.04కి వెళ్లే ముందు ఈ ఓవర్‌రైడ్‌ని మళ్లీ పరీక్షించాలి. వెయిట్-ఆన్‌లైన్ విషయంలో నెట్‌ప్లాన్ కొత్త వెర్షన్లు తమంతట తాము కొన్ని రాస్తున్నాయి, నా లైనుకీ వాటికీ తగువు రాకుండా చూసుకోవాలి.

పాత స్విచ్‌లో ఒక పోర్టు లైటు మిణుకుమిణుకుమంటోంది. మేడం దాని మీద టేపు వేసి "వాడొద్దు" అని రాశారు. స్విచ్ కోసం హెచ్‌ఎం గారికి లెటర్ ఇచ్చాం.